దువ్వెన, తనిఖీ, మందు: తలపేల నివారణ చరిత్ర - బ్రిటన్ పాఠశాలల అనుభవం (1907–2005)

వ్యాససంగ్రహం

తలపేల నివారణ చరిత్రలో రెండు దృష్టులు ఆదినుంచీ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి, పేనును చేతితోనో దువ్వెనతోనో తొలగించే పని. రెండవది, పేను పట్టిన మనిషి శుచిపై ఇచ్చే తీర్పు. ఇరవయ్యవ శతాబ్దపు బ్రిటన్‌లో పాఠశాల వైద్యతనిఖీ ఈ రెండవ దృష్టికి చట్టరూపం ఇచ్చింది. 1939 నాటి పిల్లల తరలింపు ఆ తనిఖీలోని లోపాన్ని బయటపెట్టింది. ఆ తరువాత వచ్చిన కీటకనాశకాలు కొంతకాలం పనిచేసి, పేలలో నిరోధకశక్తి పెరగడంతో బలహీనపడ్డాయి. శతాబ్దాంతానికి వైద్యపరిశోధన మళ్లీ దువ్వెనను పరీక్షకు పెట్టవలసి వచ్చింది. ఈ పరిణామక్రమాన్ని పరిశీలించి, నివారణ విధానాలు విఫలమైన సందర్భాల్లో కీటక స్వభావాన్ని కాక పిల్లల శుభ్రతను కొలవడమే ప్రధాన కారణమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తలపేను, ఈపి, ఈరుపెన, పాఠశాల వైద్యతనిఖీ, శుచి భావన, కీటకనాశక నిరోధకశక్తి, ప్రజారోగ్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తలపేను మనిషి తలమీద తప్ప మరెక్కడా మనుగడ సాగించలేని జీవి. ఎదిగిన పేను పొడవు 2 నుంచి 3 మిల్లీమీటర్లు. దానికి రెక్కలు లేవు, గెంతే కాళ్లు లేవు. కాలిగోళ్లతో వెంట్రుకను పట్టుకొని పాకుతుంది. ఒక తల మరొక తలను ఆనుకొన్నప్పుడు ఒక వెంట్రుక మీదినుంచి మరొక వెంట్రుక మీదికి చేరుతుంది. రక్తాహారం దొరకకపోతే ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. ఆడపేను గుడ్లను వెంట్రుక మొదలుకు దగ్గరగా జిగురుతో అంటిస్తుంది. ఈ గుడ్డునే తెలుగువారు ప్రాంతాన్నిబట్టి ఈపి అనీ ఈరు అనీ అంటారు. 7 నుంచి 10 రోజుల్లో గుడ్డు పగిలి పిల్ల వెలువడుతుంది. అది మరో 9 నుంచి 12 రోజుల్లో గుడ్లు పెట్టే దశకు చేరుతుంది.

నివారణకు సంబంధించిన మూడు విషయాలు ఈ జీవనక్రమం నుంచే తేలుతాయి. మొదటిది, పేను వ్యాప్తికి మూలం మనుషుల సాన్నిహిత్యం. కలిసి పడుకొనే అక్కచెల్లెళ్లు, ఒకే పుస్తకంపై తలలు వంచిన స్నేహితులు, బిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లి, వీరి మధ్యనే అది ప్రయాణిస్తుంది. రెండవది, తలస్నానం చేసిన జుట్టు, చేయని జుట్టు అనే భేదం దానికి లేదు. మూడవది, ఒక్కరోజు చేసే చికిత్సతో పని పూర్తికాదు. అప్పటికి పగలని గుడ్లు మిగిలి ఉంటాయి కాబట్టి సుమారు రెండు వారాలు పట్టుదలగా వెతకాలి.

ఈ మూడింటినీ ఇంట్లో పేలు చూసే స్త్రీలు అనుభవంతో గ్రహించారు. ప్రభుత్వాలూ విద్యాసంస్థలూ చాలాకాలం గ్రహించలేదు. ఈ వ్యత్యాసానికి కారణాలను వెతకడానికి బ్రిటన్ అనుభవం అనువైనది. చట్టం, తనిఖీ, క్షేత్రసర్వే, రసాయన ప్రయోగం, వైద్యపరీక్ష అనే దశలన్నీ అక్కడ ఒకే పాఠశాల వ్యవస్థ చుట్టూ ఒక శతాబ్దం పాటు వరుసగా సాగాయి.

2. ప్రాచీన సాక్ష్యాలు: తొలగింపు, మలినం

పేల దువ్వెన ప్రాచీనతకు విశేషమైన ఆధారం ప్రాచీన కనాను దేశపు నగరమైన లాకీషులో దొరికింది. 2016లో తవ్వకాల్లో బయటపడిన ఒక చిన్న దంతపు దువ్వెన మీద చెక్కిన అక్షరాలను పరిశోధకులు 2021లో గుర్తించి, 2022లో ప్రకటించారు. క్రీ.పూ. 1700 ప్రాంతానికి చెందినదిగా భావిస్తున్న ఆ దువ్వెనకు ఒకవైపు 6 లావుపళ్లు, మరొకవైపు 14 సన్నపళ్లు ఉన్నాయి. దానిపై 17 అక్షరాల్లో ఉన్న వాక్యం, తలజుట్టులోనూ గడ్డంలోనూ ఉన్న పేలను ఆ దంతం పెకలించాలని కోరుతుంది. కనాను లిపిలో ఇంతవరకు దొరికిన తొలి పూర్తివాక్యాల్లో ఇది ఒకటి. లావుపళ్లు చిక్కు తీయడానికి, సన్నపళ్లు పేలను, ఈపులను లాగడానికి. ఈ రెండువైపుల నిర్మాణం నేటికీ మారలేదు.

భారతీయ వైద్యసంప్రదాయంలో చరకసంహిత విమానస్థానం ఏడవ అధ్యాయం క్రిములను వర్గీకరిస్తూ బాహ్యమలం వల్ల పుట్టేవాటిలో యూకలను, అంటే పేలను చేర్చింది. జుట్టు, గడ్డం, రోమాలు, కనురెప్పలు, వస్త్రాలు వాటి స్థానాలని చెప్పింది. శరీరశుద్ధిని విడిచిపెట్టడం వాటి పుట్టుకకు కారణమని పేర్కొంది. చికిత్సగా మాత్రం మొట్టమొదట అపకర్షణాన్ని, అంటే పట్టి లాగివేయడాన్ని విధించింది. మలాన్ని తొలగించడం, మలాన్ని కలిగించే వాటికి దూరంగా ఉండడం దాని తరువాత వస్తాయి. కారణం విషయంలో మలినాన్ని, చికిత్స విషయంలో తొలగింపును ముందు నిలపడం ఈ ప్రకరణంలోని విశేషం.

మనుస్మృతి మొదటి అధ్యాయం పేలను దోమలు, ఈగలు, నల్లులతోపాటు స్వేదజాలుగా, అంటే చెమట నుంచి పుట్టేవిగా లెక్కించింది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ కూడా పేలు జంతువుల మాంసం నుంచి వాటంతట అవే పుడతాయని భావించాడు. పేను శరీరం నుంచే పుట్టేటట్లయితే, పేను ఉండడం ఆ శరీరంలోని దోషానికి గుర్తవుతుంది. పేను గుడ్డు నుంచే పుడుతుందనీ, మరొకరి తలనుంచే వస్తుందనీ తెలిసిన తరువాత కూడా ఈ పాత నింద వదలలేదు. తరువాతి శతాబ్దాల పాలనావిధానంలో అది వేరే రూపం ధరించింది.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో కొలతల ప్రకరణం దీనికి భిన్నమైన వైఖరిని చూపుతుంది. అక్కడ ఎనిమిది లిక్షలు, అంటే ఈపులు, ఒక యూక; ఎనిమిది యూకలు ఒక యవమధ్యం; ఎనిమిది యవమధ్యాలు ఒక అంగుళం. కంటికి ఆనే అతిసూక్ష్మ వస్తువుకు ఉదాహరణగా అందరికీ తెలిసినది కాబట్టే ఈపి కొలమానంలోకి వచ్చింది. దానిలో నింద లేదు.

3. తెలుగు గృహజీవనంలో పేలు చూడడం

తెలుగు పదసంపదలో తొలగింపు దృష్టి స్పష్టంగా కనిపిస్తుంది. సన్నపళ్ల దువ్వెనకు ఈరుపెన అనే ప్రత్యేకమైన పేరు ఉంది. చిక్కు తీసే దువ్వెన వేరు, ఈరుపెన వేరు. పేలు చూడడం, పేలు కుక్కడం అనే మాటలు ఒక నిర్దిష్టమైన పనిని సూచిస్తాయి. మధ్యాహ్నం పనులు ముగిశాక అరుగుమీద ఒకరి వెనుక ఒకరు కూర్చొని తలలు చూసుకోవడం నిన్నమొన్నటి వరకు ఊళ్లలో సాధారణ దృశ్యం. ఈ పని కుటుంబంలోని తలలన్నింటినీ వారం వారం తడుముతుంది. ఒక్కరికి పేలు కనిపిస్తే కలిసి పడుకొనే మిగిలినవారి తలలూ చూస్తారు. ఆధునిక ప్రజారోగ్యశాస్త్రం సంపర్క పరిశీలన అని పిలిచేది ఇక్కడ పేరు లేకుండానే జరుగుతుంది.

"పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట" అన్న సామెత కూడా పేను స్వభావాన్ని గురించినదే. అవకాశం దొరికితే వ్యాపిస్తుందనే పరిశీలన అందులో ఉంది.

గృహవైద్యాన్ని అంతా అనాదిగా వచ్చినదని భావించడం మాత్రం సరికాదు. పేలకు వాడే సీతాఫలం గింజల పొడి దీనికి మంచి ఉదాహరణ. సీతాఫలం అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల చెట్టు. పోర్చుగీసువారి రాక తరువాతనే అది ఈ దేశంలో వ్యాపించిందని సాధారణంగా అంగీకరిస్తారు. కాబట్టి ఆ చికిత్స వయసు కొద్ది శతాబ్దాలకు మించదు. అది నిరపాయకరం కూడా కాదు. ఆ పొడి కంట్లో పడి నల్లగుడ్డు పైపొర దెబ్బతిన్న సందర్భాలను భారతీయ నేత్రవైద్యులు నమోదు చేశారు. ఈరుపెనతో చేసే తొలగింపుకు ఇలాంటి ప్రమాదం లేదు. అది కోరేది ఓపికను, సమయాన్ని. ఆ సమయం దాదాపు పూర్తిగా స్త్రీలదే అన్న విషయం నివారణ చరిత్ర రాసేవారు గుర్తుంచుకోవలసినది.

4. చట్టం తలలోకి చూసిన కాలం: 1907–1939

ఇంట్లో జరిగే ఈ పనిని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకొన్నప్పుడు ఏమి జరిగిందో బ్రిటన్ చరిత్ర చూపుతుంది. ఇంగ్లాండు, వేల్సులలో 1880లో ప్రాథమిక విద్య నిర్బంధమైంది. అంతవరకు వీధుల్లోనూ ఇళ్లలోనూ ఉన్న పేద పిల్లలు తరగతిగదుల్లోకి వచ్చి అధికారుల కంట పడ్డారు. 1899–1902 మధ్య జరిగిన బోయర్ యుద్ధంలో సైన్యంలో చేరడానికి వచ్చిన యువకుల్లో ఎందరో శారీరకంగా అనర్హులుగా తేలడం పాలకవర్గాన్ని కలవరపరిచింది. జాతి శారీరక క్షీణతపై నియమితమైన కమిటీ 1904లో నివేదిక ఇచ్చింది. పాఠశాలల్లో వైద్యతనిఖీ జరగాలని అది సూచించింది. 1907 నాటి విద్యాచట్టం ఆ తనిఖీని స్థానిక విద్యాసంస్థల విధిగా చేసింది. విద్యామండలిలో ఏర్పడిన వైద్యశాఖకు జార్జ్ న్యూమన్ నాయకత్వం వహించాడు.

1908 నాటి బాలల చట్టం 122వ సెక్షను ఇంకొక అడుగు ముందుకు వేసింది. పిల్లల శరీరంగాని దుస్తులుగాని పేలతోనో మలినంతోనో ఉన్నట్లు తేలితే తల్లిదండ్రులకు నోటీసు ఇవ్వవచ్చు. 24 గంటల్లో శుభ్రం చేయకపోతే అధికారులే బిడ్డను తీసుకుపోయి శుభ్రం చేయించవచ్చు. శుభ్రం చేశాక తల్లిదండ్రుల నిర్లక్ష్యం వల్ల మళ్లీ అదే స్థితి వస్తే జరిమానా విధించవచ్చు. ఇదే అధికారం 1944 విద్యాచట్టం 54వ సెక్షనులోనూ కొనసాగింది.

ఈ చట్టం పేదల ఆరోగ్యంపై ప్రభుత్వానికి కలిగిన శ్రద్ధకు నిదర్శనమని చెప్పవచ్చు. తనిఖీ మూలంగా ఎందరో పిల్లల కంటి, పంటి, చెవి వ్యాధులు వెలుగులోకి వచ్చిన మాటా నిజమే. పేల విషయంలో మాత్రం దాని తర్కంలో రెండు లోపాలున్నాయి. మొదటిది, పేనునూ మలినాన్నీ ఒకే వాక్యంలో కలపడం. పేను ఉన్న బిడ్డ మురికి బిడ్డ అయింది, ఆమె తల్లి నిర్లక్ష్యపు తల్లి అయింది. రెండవది, ఒక్క బిడ్డను విడదీసి శుభ్రం చేయడం. సాయంత్రం ఆ బిడ్డ తిరిగి వెళ్లేది ముగ్గురు నలుగురు తోబుట్టువులతో పంచుకొనే పడకకే. బడి ఈడు రాని చెల్లి తలను నర్సు చూడదు, తల్లి తలను అసలే చూడదు. పేల గూడు ఇల్లయితే, చట్టం వెతికింది బడిలో.

పాఠశాల నర్సును పిల్లలు పేల నర్సు అని పిలవడం వాడుక అయింది. వరుసలో నిలబెట్టి తల చూడడం, పేలున్నవారికి చీటీ ఇచ్చి ఇంటికి పంపడం, బడి మొత్తానికీ తెలిసేలా జరిగే పనులు. బాలురకు జుట్టు కత్తిరింపు సులభపరిష్కారం అయింది. బాలికలకు జడ తీయడమంటే అవమానం. అందువల్ల తనిఖీ భారం పేద బాలికలపైనే ఎక్కువగా పడింది.

5. 1939: తరలింపు బయటపెట్టిన లెక్క

తనిఖీ ఆరంభమై మూడు దశాబ్దాలు గడిచేసరికి పాఠశాల వైద్యుల నివేదికల్లో పేలున్న పిల్లల నిష్పత్తి బాగా తగ్గినట్లు కనిపించింది. సమస్య తీరిపోవచ్చిందన్న అభిప్రాయం ఏర్పడింది. 1939 సెప్టెంబరు మొదటి మూడు రోజుల్లో, వైమానిక దాడుల భయంతో, సుమారు 15 లక్షల మందిని నగరాల నుంచి గ్రామాలకు, చిన్న పట్టణాలకు తరలించారు. వారిలో అధికసంఖ్యాకులు పాఠశాల పిల్లలు. వారికి ఆశ్రయం ఇచ్చిన కుటుంబాల నుంచి కొద్దిరోజుల్లోనే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. పక్క తడపడం, చర్మవ్యాధులతోపాటు ప్రధానంగా వినిపించిన ఫిర్యాదు తలపేలు.

ఇరుపక్షాలూ తప్పు ఎదుటివారిదే అన్నాయి. నగరపు తల్లులు అశుభ్రులని గ్రామీణ గృహిణులు భావించారు. రైలు ప్రయాణంలో ఒకరినుంచి ఒకరికి అంటుకొన్నాయని నగర అధికారులు వాదించారు. ఈ వివాదాన్ని తేల్చడానికి కీటకశాస్త్రజ్ఞుడు కెన్నెత్ మెలన్‌బీ వేరే దారి ఎంచుకొన్నాడు. అంటువ్యాధుల ఆసుపత్రుల్లో చేరిన పిల్లల నమోదులను ఆయన పరిశీలించాడు. 1941లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం పారిశ్రామిక నగరాల్లో బాలికల్లో దాదాపు సగం మందికి తలపేలు ఉన్నాయి. బడి ఈడు రాని చిన్నపిల్లల్లోనూ ఆ నిష్పత్తి హెచ్చుగానే ఉంది. గ్రామీణ ప్రాంతాల్లో చాలా తక్కువ. తరలింపుకు ముందు సంవత్సరాల నమోదులు కూడా ఇదే చెప్పాయి కాబట్టి రైలు ప్రయాణం వాదన నిలవలేదు.

పాఠశాల లెక్కకూ ఆసుపత్రి లెక్కకూ ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నది చరిత్రకారునికి ముఖ్యమైన ప్రశ్న. ఆసుపత్రిలో చేరే బిడ్డ తల చూపడానికి సిద్ధపడి రాదు. బడి తనిఖీకి మాత్రం సిద్ధపడే వీలుంది. నర్సు వచ్చే రోజు తెలిసిన తల్లి ముందురోజు రాత్రి కూర్చొని పైకి కనిపించే ఈపులను తీసి, జడ బిగించి పంపుతుంది. వందలాది తలలను తొందరగా చూసే నర్సుకు కొద్దిపాటి పేలు కనిపించవు. దండన భయంతో నడిచే లెక్క, దండన నుంచి తప్పించుకొనే నేర్పును కొలుస్తుంది. మూడు దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చినది పేల సంఖ్య కంటే వాటి కనిపింపు.

1943లో వెలువడిన 'అవర్ టౌన్స్' నివేదిక నగరపేదల ఇరుకు ఇళ్లను, నీటి కొరతను వర్ణించి సాంఘిక సంస్కరణకు బలం చేకూర్చింది. అదే నివేదిక 'సమస్యాకుటుంబం' అనే భావనను ప్రచారంలోకి తెచ్చి, పాత నిందకు కొత్త పేరు కూడా పెట్టింది.

యుద్ధకాలంలోనే షెఫీల్డులో మెలన్‌బీ గజ్జిపై చేసిన ప్రయోగాలు ఇక్కడ ప్రస్తావించదగినవి. గజ్జి రోగుల దుప్పట్లు వాడిన స్వచ్ఛందసేవకులకు ఆ వ్యాధి అరుదుగానే సోకింది. దుప్పట్లను వేడిలో శుద్ధిచేసే ఖరీదైన ఏర్పాటు చాలావరకు వృథా అనీ, వ్యాప్తికి మూలం శరీరసాన్నిహిత్యమేననీ దానితో తేలింది. తలపేల విషయంలోనూ ఇదే సత్యం స్థిరపడడానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

6. మందుల యుగం, పేల ఎదురుదాడి

యుద్ధానికి పూర్వం వాడుకలో ఉన్నవి కిరసనాయిలు, ససాఫ్రాస్ నూనె, వినిగర్ వంటివి. కిరసనాయిలు తలకు నిప్పు అంటుకొనే ప్రమాదాన్ని తెస్తుంది. 1940లలో లండన్ పరిశోధకులు బక్స్‌టన్, బస్వైన్ 'లీథేన్' అనే రసాయనాన్ని నూనెలో కలిపి తలపేలపై ప్రయోగించారు. ఆ తరువాత వచ్చినది డీడీటీ. దాని కీటకనాశక గుణాన్ని 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ కనుగొన్నాడు. 1943–44 శీతాకాలంలో ఇటలీలోని నేపుల్స్ నగరంలో టైఫస్ వ్యాపించినప్పుడు లక్షలాది ప్రజల దుస్తుల్లోకి ఆ పొడిని చల్లి వ్యాధిని అదుపుచేశారు. ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ విజయం తలపేల గురించిన ఆలోచనను ఒక పొరపాటు దారికి మళ్లించింది. టైఫస్‌ను వ్యాపింపజేసేది దుస్తుల మడతల్లో ఉండే ఒంటిపేను. ఆ సంగతి ట్యూనిస్ నగరంలో చార్లెస్ నికోల్ 1909లోనే నిరూపించాడు. దుస్తులు మార్చుకోలేని, ఉతుక్కోలేని స్థితిలో ఒంటిపేలు పెరుగుతాయి. అక్కడ శుభ్రతకూ పేలకూ సంబంధం నిజమే. తలపేను సాధారణంగా వ్యాధులను మోయదు, దుస్తుల్లో నివసించదు. దగ్గరి బంధువులైన ఈ రెండింటినీ ప్రజలు, పాలకులు ఒకటిగా చూడడంతో ఒంటిపేను తెచ్చే భయమూ అపఖ్యాతీ తలపేనుకు అంటుకొన్నాయి.

డీడీటీ, లిండేన్ వంటి మందులు మొదట్లో మంచి ఫలితాలనిచ్చాయి. కాని 1951లోనే, కొరియా యుద్ధకాలంలో, డీడీటీకి లొంగని ఒంటిపేలు కనిపించాయి. బ్రిటన్‌లో ఈ వర్గపు మందులకు తలపేలు లొంగకపోవడాన్ని 1971లో మాండర్ నివేదించాడు. వాటి స్థానంలో మలాథియాన్ వచ్చింది. తరువాత చామంతిజాతి పువ్వుల సారాన్ని అనుకరించి తయారుచేసిన పెర్మెత్రిన్ వచ్చింది. 1990ల నాటికి వీటికీ నిరోధకశక్తి కనిపించింది.

దీనికి కారణం జీవశాస్త్రంలో ఉంది. డీడీటీ, పెర్మెత్రిన్ రెండూ కీటకపు నాడీకణాల్లోని సోడియం మార్గాలపైనే పనిచేస్తాయి. ఆ మార్గపు నిర్మాణంలో స్వల్పమైన మార్పు ఉన్న పేలు మందు తగిలినా బతుకుతాయి. మిగిలినవి చనిపోగా, బతికినవాటి సంతతి తలలన్నిటా వ్యాపిస్తుంది. డీడీటీకి అలవాటుపడిన సంతతి పెర్మెత్రిన్‌ను ఎదుర్కోవడానికి ముందే కొంత సిద్ధమై ఉంటుంది. పేలు లేని తలలకు ముందుజాగ్రత్తగా మందు పూయడం ఈ ఎంపికను మరింత త్వరపెడుతుంది. నివారణ పేరుతో చేసిన పనే నివారణ సాధనాన్ని మొద్దుబార్చింది. బ్రిటన్‌లోని కొన్ని ఆరోగ్యసంస్థలు మందులను కొన్నేళ్లకొకసారి మార్చే పద్ధతిని పాటించినా నిరోధకశక్తి ఆగలేదు.

7. దువ్వెన తిరిగి పరీక్షకు నిలిచిన వేళ

ఈ స్థితిలో తడిజుట్టును కండిషనరుతో మెత్తబరిచి, సన్నపళ్ల దువ్వెనతో పాయపాయగా దువ్వే పద్ధతిని ఒక స్వచ్ఛందసంస్థ ప్రచారం చేసింది. మూడు నాలుగు రోజులకొకసారి, రెండు వారాలలో కనీసం నాలుగుసార్లు దువ్వాలి. కొత్తగా పొదిగిన పిల్లలు గుడ్లు పెట్టే వయసు రాకముందే దువ్వెనకు చిక్కుతాయన్నది దాని తర్కం. ఇంటి అరుగుపై జరిగిన పనికీ దీనికీ ఉన్న తేడా, ఇక్కడ రోజులు లెక్కపెట్టి చెప్పడం.

వేల్సులో జరిగి 2000లో ప్రచురితమైన పరీక్షలో మలాథియాన్ 78 శాతం పిల్లలకు, దువ్వెన 38 శాతం పిల్లలకు నయంచేశాయి. 2005లో ప్రచురితమైన మరొక పరీక్షలో దువ్వెన సామగ్రి 57 శాతం, అంగళ్లలో దొరికే కీటకనాశకాలు 13 శాతం విజయం సాధించాయి. పైకి పరస్పరవిరుద్ధంగా కనిపించే ఈ ఫలితాలను చారిత్రకంగా చదవాలి. మందు శక్తి అది వాడిన ప్రాంతపు పేల గతచరిత్రపై ఆధారపడుతుంది. దువ్వెన శక్తి దువ్వే మనిషి శిక్షణపై, తీరికపై ఆధారపడుతుంది. రెండవ పరీక్షలో వాడిన దువ్వెనా సూచనలూ మెరుగుపడినవి. అదే ఏడాది ప్రచురితమైన మూడవ పరీక్షలో, డైమెటికోన్ అనే సిలికాన్ ద్రవం 70 శాతం, ఫినోత్రిన్ అనే కీటకనాశకం 75 శాతం మందికి నయంచేశాయి. డైమెటికోన్ నాడీవ్యవస్థపై పనిచేయదు. పేను శరీరాన్ని కప్పి, అది నీటిని బయటికి వదలకుండా అడ్డుకొంటుంది. అందువల్ల పాత నిరోధకశక్తి దాని ముందు అక్కరకు రాదు.

ఇదే కాలంలో ఇతర దేశాల పరిశోధనలు తనిఖీ కాలపు నమ్మకాలను ఒక్కొక్కటిగా సవరించాయి. ఆస్ట్రేలియాలో 118 తరగతిగదుల తివాచీలను పరిశీలించగా ఒక్క పేనూ దొరకలేదు; ఆ గదుల్లోని 2,230 మంది పిల్లల తలల నుంచి మాత్రం 14,033 పేలను తీశారు. అమెరికాలోని అట్లాంటాలో 1,729 మంది పిల్లల్ని చూడగా 28 మందికి పేలు, 63 మందికి ఈపులు మాత్రమే కనిపించాయి. ఈపులు మాత్రమే ఉన్నవారిలో 50 మందిని 14 రోజులు గమనించగా 9 మందికే పేలు వచ్చాయి. వెంట్రుక పెరిగేకొద్దీ ఈపి తలనుంచి దూరమవుతుంది. దూరమైన ఈపుల్లో అధికభాగం ఖాళీ పెంకులే. ఈపి కనిపించిన ప్రతి బిడ్డనూ ఇంటికి పంపే నియమం వల్ల, పేలు లేని పిల్లలే ఎక్కువగా చదువు నష్టపోతారని దీనిఅర్థం. అమెరికన్ బాలవైద్యుల సంఘం 2002 నుంచి వెలువరిస్తున్న నివేదికల్లో ఇటువంటి బహిష్కరణను వ్యతిరేకిస్తూ వచ్చింది.

8. ముగింపు

బ్రిటన్ శతాబ్దపు అనుభవం నుంచి తేలే నిర్ణయం ఇది: శుచిపై తీర్పుగా మారిన ప్రతి నివారణ విధానమూ సమాచారాన్ని పోగొట్టుకొంది. పేలున్నాయని చెబితే అవమానం జరిగేచోట కుటుంబాలు చెప్పవు. చెప్పనిచోట కలిసి తిరిగే పిల్లలందరికీ ఒకేసారి చికిత్స జరగదు. అలా జరగనిచోట మందు ఎంత శక్తిమంతమైనా పేలు తిరిగివస్తాయి. 1908 చట్టం సదుద్దేశంతో ఆరంభమైనా ఈ వలయంలోనే చిక్కుకొంది. రసాయనాలు ఈ వలయాన్ని తాత్కాలికంగా తెంచినట్లు కనిపించి, నిరోధకశక్తి పెరిగాక మళ్లీ అక్కడికే చేర్చాయి.

ఈ నిర్ణయానికి తెలుగు ప్రాంతాల్లో ప్రత్యక్షమైన అన్వయం ఉంది. అరుగులు పోయి, తల్లులకు తీరిక తగ్గి, ఎందరో బాలికలు వసతిగృహాల్లో పెరుగుతున్న ఈ కాలంలో పేలు చూసే చేయి ఎవరిదన్న ప్రశ్న తెరిచే ఉంది. ఒకే గదిలో పదిమంది పక్కపక్కన పడుకొనేచోట పేలు వ్యాపించడం సాన్నిహిత్యపు సహజఫలితం, పిల్లల తప్పు కాదు. అక్కడ జుట్టు కత్తిరించడం, వేరుగా కూర్చోబెట్టడం, ఇంటికి పంపడం 1908 నాటి తర్కాన్నే తిరిగి అమలుచేయడం అవుతుంది. వారానికొకసారి తడిజుట్టును సన్నపళ్ల దువ్వెనతో పరిశీలించడం, పేలు కనిపిస్తే ఆ గదిలో ఉన్నవారందరి తలలూ అదేరోజు చూడడం, పేలున్నవారందరికీ ఒకేసారి చికిత్స ఆరంభించి రెండు వారాలు కొనసాగించడం, కిరసనాయిలును, సీతాఫలం గింజల పొడిని దూరంగా ఉంచడం చరిత్ర సమర్థించే పనులు. వీటికి పెద్ద ఖర్చు లేదు. కావలసినది ప్రతి గదికీ మంచి దువ్వెనలు, ఆ పనికి కేటాయించిన గంట సమయం, దాన్ని నామోషీగా భావించని పెద్దలు.

చరకసంహిత కారణంగా మలినాన్నీ చికిత్సగా అపకర్షణాన్నీ పేర్కొంది. కారణం విషయంలో ఆ ప్రాచీన వైద్యుడు పొరపడ్డాడు, చికిత్స విషయంలో పొరపడలేదు. తరువాతి పాలకులు ఆ పొరపాటును చట్టంగా మలచి, చికిత్సను తల్లులకు వదిలేశారు. తలపేల నివారణ చరిత్ర తల్లుల ఆ శ్రమను ప్రజారోగ్య కృషిలో భాగంగా గుర్తించవలసి ఉంది.